ఓగురాజు మంచము – రాకాసి గుళ్ళు

హెబ్రీయుల ఆదికాండము 14వ అధ్యాయమున నలుగురు రాజులు అయిదుగురు రాజులతో యుద్ధము చేసిరి. ఆ దండయాత్రలో రెఫాయీయులు, ఏమీయులు ఓడింపబడిరి. వీరు మహాకాయులనియు, రెఫాయీయులలో కడపటివాడు బాషాను రాజగు ఓగనియు, అతని యినుప మంచము పొడవు 9 మూరలు, వెడల్పు 4 మూరలనియు ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది.

దీనిని నమ్ముదమా, నవ్వి త్రోసివేయుదమా? రెండును తొందరపాటే. సాక్షిని విచారించునట్లు గ్రంథమును విచారింపవలెను. గొల్యాతు పొడవు ప్రచారమందున్న హెబ్రీప్రతిలో 6 మూరల జేన. మృతసముద్రతీరపు గుహలో 1952లో దొరకిన ప్రాచీనప్రతిలో 4 మూరల జేన మాత్రమే.

బాషాను సీమలోని గోలాను పీఠభూమిపై పెద్దబండలతో గట్టిన ప్రాచీన సమాధులు విస్తారముగ గలవు. ఓగు మంచము అట్టి సమాధియే కావచ్చునని కొందరు పండితులు తలచిరి.

మన తెలంగాణమునను ఇట్టి శిలాసమాధులను జనులు రాకాసి గుళ్ళందురు. జానంపేటలో నవి యనేకములు గలవు. హైటెక్ సిటీకి చేరువనున్న గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమందే, బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. ఇట్టివానిని త్రవ్విచూడగా గానవచ్చిన యస్థులు మనబోటి మనుష్యులవే.

పెద్దబండను జూచి పెద్దదేహము నూహించుట అజ్ఞానము, అది క్షమింపదగినది. కాని ఓడినవానిని రాక్షసుడనినచో, వాని భూమిని గైకొనుటకు మనస్సాక్షి యడ్డురాదు. చదువరులారా, ఏ పురాణమున రాక్షసుడు కనబడినను, ఆ కథ చెప్పినవాడు గెలిచినవాడా యని ముందుగ నడుగుడు.