కాఫీ కోవా ఉండలు – ఇంట్లో తయారుచేసే పద్ధతి

మన సంఘాల సభ్యుల ఇళ్లలో పాలకు కొదువ లేదు గాని, పాలతో చేసే తీపి వంటకాలు నాలుగైదింటిని మించవు. జున్ను, పాలకోవా, పరవాన్నం, సేమ్యా పాయసం – అంతటితో సరి. అందుచేత ఈసారి కాస్త కొత్తదే అయినా మన పొయ్యి మీద, మన గిన్నెల్లో అయ్యే ఒక వంటకాన్ని వివరిస్తున్నాము. దీనికి ఓవెన్ అక్కర లేదు, పాకం పట్టే పని లేదు, నూనెలో వేయించేదీ లేదు. పాలు మరగించి కోవా దించడం ఒక్కటే నిప్పు దగ్గర పని. మిగతాదంతా పళ్లెంలో జరుగుతుంది.

యూరపు దేశాల్లో ఇటువంటి ఉండలను చాక్లెట్, మీగడ కలిపి చేసి పైన కోకో పొడి అద్దుతారు. వాటిని ట్రఫుల్ అంటారు. ట్రఫుల్ అంటే నిజానికి నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. ఈ మిఠాయి చూడడానికి మట్టి అంటిన ఆ పుట్టగొడుగులా వుంటుందని ఆ పేరు పెట్టారు. అక్కడ చాక్లెట్, మీగడ చేసే పనిని మన ఇంట్లో కోవా ఒక్కటే చేస్తుంది. పాలలోని వెన్న, చక్కెర, మాంసకృత్తులు అన్నీ అందులోనే వున్నాయి కనుక ఉండ కట్టడానికి వేరే ఏదీ కలపనక్కర లేదు.

ఏ పాలు వాడాలి?

గేదె పాలు అయిదు లీటర్లు కాస్తే సుమారు కిలో కోవా వస్తుంది. ఆవు పాలైతే కిలోకు ఆరు లీటర్ల వరకు పడతాయి. గేదె పాల కోవా మెత్తగా, నున్నగా వుంటుంది. ఆవు పాల కోవా పసుపు ఛాయలో కాస్త తడిగా, నాలుకకు ఇసుకలా తగులుతుంది. తినడానికి రెండూ మంచివే గాని ఉండలకు గేదె పాలే మేలు.

అయిదు లీటర్లు ఒక కిలో అవుతున్నప్పుడు పోయేది నీరు మాత్రమే. పాలలో వున్న మంచీ చెడూ రెండూ సుమారు అయిదింతలు చిక్కబడి మిగులుతాయి. పొదుగువాపు వచ్చిన పశువు పాలలో ఉప్పదనం పెరుగుతుంది. గ్లాసు పాలు తాగితే అది తెలియకపోవచ్చు గాని కోవాలో తప్పక తెలుస్తుంది. పుల్లబారుతున్న పాలలో వంటసోడా వేస్తే అవి విరగకుండా నిలుస్తాయి, కాని ఆ కోవా ఎర్రబారి ఉప్పగా వుంటుంది. సోడా వేయకుండా కాస్తే విరిగి పలుకులవుతుంది. కేంద్రం నుంచి తిరిగివచ్చిన పాలతో కోవా చేద్దామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నీళ్లు కలిసిన పాల మాట చెప్పనక్కర లేదు – ఆ నీటిని మళ్లీ మనమే కట్టెలు తగలేసి ఆవిరి చేయాలి!

వీటన్నిటికన్నా ముఖ్యమైనది మందుల సంగతి. పొదుగువాపుకు చన్నులోకి మందు ఎక్కించినప్పుడు, డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు ఆ పశువు పాలు కేంద్రంలో పోయరాదని సభ్యులందరికీ తెలుసు. మరి ఆ పాలు ఏమవుతున్నాయి? "కేంద్రానికి వద్దుగాని, బాగా మరగబెట్టి ఇంట్లోకి కోవా చేసుకుంటే ఏమవుతుందిలే" అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. ఇలా చేయడం తప్పు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గాని మందు పూర్తిగా పోతుందని నమ్మడానికి లేదు. నీరు ఇగిరిపోయి, మిగిలిన మందు కోవాలో మరింత చిక్కబడుతుంది. పెన్సిలిన్ పడనివారికి అది ప్రమాదం. ఒక చన్నుకే ఎక్కించాము కదా అని మిగతా మూడింటి పాలు వాడడమూ సరికాదు, మందు రక్తంలో కలిసి వాటిలోకీ దిగుతుంది. దూడకూ పట్టరాదు. గడువు తీరేవరకు ఆ పాలు పారబోయవలసిందే. చేతులారా పారబోయడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా పిల్లలు తినే తీపికి మొదట తెలియవలసిన సంగతి ఇదే కనుక ఇంత వివరంగా రాయవలసి వచ్చింది.

కోవా దించడం

రెండు లీటర్ల తాజా గేదె పాలు వడకట్టి, అడుగు మందంగా, నోరు వెడల్పుగా వున్న బాణలిలో పోయాలి. బాణలిలో సగానికి మించి పాలు వుండరాదు. మంట పెద్దగానే వుంచి, అట్లకాడతో అడుగు, పక్కలు గీకుతూ ఎడతెగకుండా కలపాలి. పక్కన మరో పని పెట్టుకున్నవారి కోవా మాడుతుంది. మాడిన వాసన కాఫీ వాసనలో కలిసిపోతుందని కొందరు అనుకుంటారు గాని, పోదు.

పాలు దోసెల పిండి మాదిరి చిక్కబడ్డాక మంట తగ్గించాలి. ఇక్కడ తొందరపడకూడదు. కోవా బాణలి అంచులు వదిలి ముద్దగా కదులుతూ, చుట్టూ నెయ్యి మెరుపు కనబడగానే దించేయాలి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది కనుక పొయ్యి మీదనే ఎండబెట్టరాదు. చిటికెడు తీసి పళ్లెం మీద ఆరనిచ్చి వేళ్ల మధ్య చుట్టి చూడండి. వేళ్లకు అంటకుండా ఉండ అయితే సరిపోయినట్లు. రెండు లీటర్లకు ముప్పావు గంట నుంచి గంట పడుతుంది, సుమారు 400 గ్రాముల కోవా వస్తుంది.

కాఫీ ఎప్పుడు, ఎలా?

ఫిల్టరులో వేసే కాఫీ పొడిని నేరుగా కోవాలో కలపరాదు. అది నీటిలో కరిగేది కాదు, పంటి కింద రవ్వలా తగులుతుంది. వెంటనే కరిగే ఇన్‌స్టంట్ కాఫీ పొడి అయితే మూడు చిన్న చెంచాలు, మట్టంగా కొలిచి, సుమారు 6 గ్రాములు తీసుకోవాలి. ఒక చెంచా వేడిపాలలో దాన్ని ముద్దలా కలిపి, దించిన కోవా ఇంకా వేడిగా వుండగానే పోసి మెదపాలి.

ఫిల్టరు కాఫీ రుచే కావాలనేవారు మొదటి డికాక్షన్ మూడు పెద్ద చెంచాలు, వీలైనంత చిక్కగా తీసి, కోవా ముద్ద కట్టబోయే ముందు పోసి అయిదు నిమిషాలు ఇగరబెట్టాలి. మొదటే పాలలో పోయకండి. కాఫీకి కొంత పులుపు గుణం వుంది, పాలు మరిగి చిక్కబడుతున్న కొద్దీ ఆ పులుపుకు పలుకులు కట్టవచ్చు. మా మట్టుకు మాకు ఈ రెండో పద్ధతే నచ్చింది. పని కొంచెం ఎక్కువే గాని వాసన ఇంటి కాఫీదే. చికోరీ కలిసిన పొడి అయితే డబ్బా మీద శాతం రాసి వుంటుంది. చికోరీ తక్కువ వున్నదే తీసుకోండి. మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు కాఫీని 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అమ్ముతోంది. పాలూ, కాఫీ రెండూ సహకార రంగం నుంచే వచ్చినట్లవుతుంది!

చక్కెర 125 గ్రాములు మెత్తగా పొడి చేసి, కోవా గోరువెచ్చగా అయ్యాకనే కలపాలి. వేడిగా వుండగా కలిపితే చక్కెర కరిగి కోవా జారుగా అయిపోతుంది. అలా అయితే మళ్లీ పొయ్యి మీద పెట్టి గట్టిపరచడం తప్ప దారి లేదు. యాలకుల పొడి వేయకండి, కాఫీ వాసనను అది మింగేస్తుంది.

ఉండలు చుట్టడం, నిలవ

చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని, అరచేతికి నెయ్యి రాసి 20 గ్రాముల ఉండలు చేస్తే 26 దాకా వస్తాయి. ఈ దశ తర్వాత వీటికి నిప్పు తగలదు కనుక చేతి మురికి ఏదైనా చేరితే దాన్ని చంపేది ఏమీ లేదు. తడి చేయి అంతకన్నా చెరుపు, తడి వున్నచోటే బూజు మొదలవుతుంది. పైన కోకో పొడి గాని, ఎండుకొబ్బరి కోరు గాని, వేయించి దంచిన వేరుశనగ పొడి గాని దొర్లించవచ్చు. కోకో మనకు పరాయిదేమీ కాదు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండుతున్నదే.

వేసవిలో బయట పెడితే చేసిన రోజే తినేయాలి. ఫ్రిజ్‌లో మూత బిగించిన డబ్బాలో అయిదు రోజులు వుంటాయి. ఒక ఉండ మీద బూజు కనిపిస్తే డబ్బా మొత్తం పారేయండి, ఆ ఒక్కటి తీసేసి మిగతావి తినరాదు. కప్పు కాఫీకి 2 గ్రాముల పొడి లెక్కన ఈ 26 ఉండల్లో మూడు కప్పుల కాఫీ వుంది. పెద్దలకు ఇది లెక్కలోది కాదు. పసిపిల్లలకు మాత్రం కాఫీ కలపకముందే కొంత కోవా వేరుగా తీసి, తెల్లటి ఉండలు చేసి పెట్టండి.

అమ్ముదామనుకుంటే

అయిదు లీటర్ల పాలకు 65 ఉండలు వస్తాయి. ఆ పాలకు వెన్నశాతాన్ని బట్టి మీ సంఘంలో వచ్చే ధర, 300 గ్రాములకు పైగా చక్కెర, 15 గ్రాముల కాఫీ, వంటచెరకు లేదా గ్యాసు, రెండు మూడు గంటల ఆడవారి శ్రమ – వీటన్నిటినీ కాగితం మీద కూడి 65తో భాగించండి. శ్రమను సున్నాగా వేసుకుని లాభం వచ్చిందనుకోవద్దు. పండుగకో, పెళ్లికో ముందుగా చెప్పినవారికి చేసివ్వడం బాగానే గిట్టవచ్చు. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోయాలని చాలా సంఘాల నిబంధనల్లో వుంటుంది కనుక, కోవా కోసం రోజూ పాలు ఆపదలచినవారు ముందు కార్యదర్శిని అడిగి తెలుసుకోవాలి. ఇంటి నుంచి అమ్మేవారు కూడా ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. డబ్బా మీద తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలో తప్పక రాయండి.