సిగాలుడి పాఠం, సెల్‌ఫోన్ జూదం





1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు ముట్టనని ఒక ప్రతిజ్ఞ ఉంది. ఇంటి పెద్ద తాగుడు మానితే ఆ ఇల్లు ఎట్లా నిలబడుతుందో మన పేటల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ ఇవాళ అవే ఇళ్ళల్లోకి వాసన రాని మత్తు ఒకటి దూరింది. దీనికి అలవాటు పడ్డవాడు తూలడు, అరవడు. గోడవైపు తిరిగి పడుకుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. రమ్మీ, క్రికెట్ బెట్టింగ్, రంగు చెప్పే ఆట, విమానం ఎగిరే ఆట, పేరేదైనా అది జూదమే. ఇంట్లోవాళ్ళకు తెలిసేసరికి స్కాలర్‌షిప్ డబ్బు, డ్వాక్రా అప్పు, చెల్లెలి పెళ్ళికి దాచిన బంగారం పోయి ఉంటాయి.

ఈ పాఠం ఆడి ఇరుక్కున్నవారి కోసం, వారి పక్కన ఉన్నవారి కోసం.

బుద్ధుడు ఏం చెప్పాడు?

దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం గృహస్థులకు చెప్పిన పాఠం. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తడిబట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటే బుద్ధుడు చూసి, తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, స్నేహితులు, పనివాళ్ళు, శ్రమణులు, వీళ్ళే నీ ఆరు దిక్కులని వివరించాడు. సంపద కరిగిపోయే ఆరు దారులు కూడా అక్కడే చెప్పాడు. అందులో జూదం ఒకటి.

జూదం వల్ల వచ్చే ఆరు నష్టాలను ఆయన లెక్కపెట్టాడు. గెలిస్తే పగ పుడుతుంది. ఓడితే పోయినదాని కోసం ఏడుపు. చేతిలో ఉన్న ధనం పోతుంది. నలుగురిలో మాట చెల్లదు. స్నేహితులు చులకన చేస్తారు. భార్యను పోషించలేడని పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారు.

ఇందులో దేవుడి శాపం లేదు. అన్నీ మన కళ్ళముందు కనబడేవే. పందెంలో భార్యను ఒడ్డినవాణ్ణి ధర్మరాజని కొలిచే సమాజం మన చుట్టూ ఉంది. సంక్రాంతికి కోడిపందెం, దీపావళికి పేకాట ఆచారమంటారు. ఆచారమనే సాకును ధమ్మం ఒప్పుకోదు.

ఎట్లా పట్టుకుంటుంది?

దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది అని ఆర్యసత్యాల్లో చదువుకున్నాం గదా. ఆ పద్ధతిలోనే దీన్నీ చూద్దాం.

మొదట బోనస్ అని కొంత ఇస్తారు. చిన్న చిన్న మొత్తాలు గెలుస్తాం. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడంలోనే ఆ ఆట పట్టు ఉంది. కొద్దిలో తప్పిపోయినట్టు తెర మీద చూపిస్తే, ఓడినా గెలుపు దగ్గర్లోనే ఉందనిపిస్తుంది. కొన్నాళ్ళకు, పోయింది రాబట్టుకోవడానికే ఆడతాం. అసలు ఊబి ఇదే. పాలిలో దీన్నే తణ్హా అంటారు, అంటే దాహం.

లెక్క కూడా చూడండి. పందెం కట్టే ప్రతి 100 రూపాయల్లో సగటున 5 నడిపేవాడికి మిగిలేలా ఆట అమర్చారనుకుందాం. మిగిలిన డబ్బంతా మళ్ళీ మళ్ళీ పందెంలో పెడుతూ 20 సార్లు తిప్పితే, 100లో మన చేతికి సగటున 36 రూపాయలే వస్తాయి. ఫోన్‌లో 20 ఆటలు కొన్ని నిమిషాల పని.

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. కాబట్టి 'వాడి ఖర్మ' అని వదిలెయ్యడం తప్పు. దానికి వైద్యం ఉంది.

సాయం ఎట్లా అడగాలి?

1. నమ్మకమైన ఒక్కరికి మొత్తం చెప్పండి. సగం అప్పు దాస్తే, ఆ సగం తీర్చడానికి మళ్ళీ ఆటే గుర్తుకొస్తుంది. నోటమాట రాకపోతే కాగితం మీద రాసివ్వండి: "అన్నా, నేను ఆన్‌లైన్‌లో ఆడి ఇంత పోగొట్టాను. ఆపలేకపోతున్నాను. సాయం చెయ్యి." ఇంతే చాలు.

2. 14416కు ఫోన్ చెయ్యండి. ఇది ప్రభుత్వం నడిపే టెలి మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల గురించి అడగండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

3. డబ్బు దారి మూసెయ్యండి. ఏటీఎం కార్డు ఇంట్లోవాళ్ళకు ఇవ్వండి. యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. యాప్‌లు తీసెయ్యండి, టిప్పులిచ్చే టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రండి. జూదానికి తోడొచ్చేవాడు స్నేహితుడి వేషంలో ఉన్న శత్రువని సిగాలుడికి బుద్ధుడు చెప్పాడు.

4. అప్పులన్నీ ఒక పుస్తకంలో రాయండి. పాత అప్పు తీర్చడానికి లోన్ యాప్‌లో కొత్త అప్పు తియ్యొద్దు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే స్క్రీన్‌షాట్లు దాచి, 1930కి, పోలీసులకు ఫిర్యాదు చెయ్యండి.

5. ఆడాలని మనసు లాగినప్పుడు ఫోన్ పక్కన పెట్టి శ్వాసను గమనించండి. ఆ కోరిక అల లాగా లేస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. దీన్ని వైద్యంతో పాటు చెయ్యాలి, వైద్యం మాని కాదు.

చచ్చిపోదామనే ఆలోచన వస్తే ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండొద్దు. పక్కింటి తలుపైనా తట్టండి. 14416కు గానీ 112కు గానీ ఫోన్ చెయ్యండి. అప్పు ఎంతైనా కూర్చుని మాట్లాడితే వాయిదాలకు వస్తుంది.

చట్టం సంగతి

ఆన్‌లైన్ జూదాన్ని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యం ఆటైనా, అదృష్టం ఆటైనా తేడా లేదు. ఈ కేంద్ర చట్టం ఆట నడిపేవాళ్ళకు, ప్రకటనలిచ్చేవాళ్ళకు శిక్షలు పెట్టింది, ఆడినవాళ్ళకు పెట్టలేదు. అయినా దొంగ లింకులు వస్తూనే ఉంటాయి. అందుకే చట్టం ఉందని మనం ఊరుకోలేం.

పక్కన ఉన్నవారు ఏం చెయ్యాలి?

మంచి మిత్రుడు రహస్యం కాపాడతాడు, ఆపదలో వదిలిపోడు, చెడు నుంచి ఆపుతాడు, మనం ఏమరుపాటుగా ఉన్నప్పుడు మన సొత్తును కాపాడతాడు. ఇవన్నీ సిగాల సుత్తంలో ఉన్నవే. అతని కార్డు మీ దగ్గర పెట్టుకోవడం కూడా సొత్తును కాపాడటమే.

అప్పు తీర్చమని చేతికి నగదు ఇవ్వకండి. సాయం చెయ్యగలిగితే అప్పిచ్చినవాళ్ళకే నేరుగా కట్టి రశీదు తీసుకోండి. మళ్ళీ ఒకసారి ఆడాడని తెలిస్తే తిట్టి తరిమెయ్యకండి, తిరిగి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. ఈ జబ్బులో జారడం మామూలే.

విహారంలో వందన అయ్యాక అందరిముందు ఎవరి పేరూ ఎత్తొద్దు. వినడానికి ఇద్దరు పెద్దలను, వారిలో ఒక ఉపాసికను పెట్టుకోండి. ఇంటి ఆడవాళ్ళకు ఈ సంగతి ముందు తెలిసినా, చెప్పుకోవడానికి చోటు దొరకదు. 22 ప్రతిజ్ఞలు చేసిన ఇంటి పరువు పోతుందని ఆ తల్లి నోరు మూసుకుంటే, లోపం మన సంఘానిదే.

చర్చకు ప్రశ్నలు

1. సిగాలుడికి చెప్పిన ఆరు నష్టాల్లో మీ పేటలో మీరు చూసినవి ఏవి?
2. మన విహారానికి ఒక యువకుడు వచ్చి అప్పు సంగతి చెబితే మొదటి రోజు మనం ఏం చేస్తాం?
3. 14416 నంబరు మీ విహారం గోడ మీద ఉందా?

జై భీమ్. నమో బుద్ధాయ.