శ్వాసకోశ వ్యాధిగ్రస్తులలో అవధానము, ధారణ - ఒక పరిశీలన

ఉర్దూలో 'దమ్' అంటే ఊపిరి. పారసీ నుండి వచ్చిన ఆ మాటయే తెలుగులో 'దమ్ము'గా స్థిరపడినది. ధైర్యశాలిని దమ్మున్నవాడు అంటాము. బీడీ పీల్చడాన్ని దమ్ము కొట్టడమంటాము. ఊపిరి అందని జబ్బును కూడ తెలంగాణా పల్లెల్లో దమ్ము అనియే అంటారు. ఉర్దూ ఇండ్లలో అది 'దమా'. ఊపిరికి, ఊపిరిని హరించే పొగకు, ఆ పొగ తెచ్చిపెట్టే రోగానికి ఒకే మాట చెల్లడం విచిత్రమే. ఆ రోగములో సామాన్యంగా ఎవరూ పట్టించుకోని ఒక భాగాన్ని గురించి ఇక్కడ ముచ్చటింపదలచినాము. మేము భాష బోధించువారమే గాని వైద్యులము కాము. అయినను ఈ విషయంలో మనము ఇంట్లో వాడే మాటలే రోగికి కొంత అపకారం చేస్తున్నవి గనుక, భాషాబోధకునికి కూడ ఇందులో పని ఉన్నదని భావిస్తున్నాము.

వైద్యులు సి.ఓ.పి.డి. అని పిలిచే దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధి, ఉబ్బసము ఒకటి కావు. ఉబ్బసంలో ముడుచుకొన్న శ్వాసనాళాలు చాలవరకు తిరిగి తెరుచుకొంటాయి. ఇందులో అట్లు కాదు. ఏండ్ల తరబడి పీల్చిన పొగ, ధూళి వలన నాళాలు సన్నబడి, గాలితిత్తులు చెడి, లోనికి పోయిన గాలి పూర్తిగా బయటికి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఈ వ్యాధి వలన 32 లక్షలకు పైగా ప్రజలు మరణించారు. బీడీ, చుట్ట, సిగరెట్టు దీనికి ప్రధాన కారణాలు. కాని ఎన్నడూ పొగ త్రాగని స్త్రీలలో కూడ ఇది కనబడుతున్నది. కట్టెలు, పిడకలు మండించిన పొయ్యి ముందు కూర్చొని జీవితమంతా గొట్టముతో ఊదిన తల్లులు వీరు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకము, దేశమంతటా 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకము చాల ఇండ్లకు గ్యాసు పొయ్యిని చేర్చినవి. అంతకు ముందు పీల్చిన పొగ ఫలితం మాత్రం ఆ తల్లుల ఊపిరితిత్తులలో నిలిచియే ఉన్నది.

మెదడు బరువు శరీరపు బరువులో సుమారు 2 శాతం మాత్రమే. శరీరం వినియోగించే ప్రాణవాయువులో సుమారు 20 శాతం దానికే కావాలి. ఇంత ఖర్చుగల అవయవానికి సరఫరా తగ్గితే ఏమగునో ఊహించడం కష్టం కాదు. అయితే ఊహ వేరు, కొలత వేరు. 1982లో ఇగోర్ గ్రాంట్, ఆయన సహచరులు రక్తంలో ప్రాణవాయువు తగ్గిన 203 మంది శ్వాసావరోధ రోగులకు మేధాశక్తి పరీక్షలు జరిపినారు. వారిలో 42 శాతం మందికి ఒక మోస్తరు నుండి తీవ్రస్థాయి వరకు లోపం కనబడినది. ఆ వ్యాధి లేనివారిలో అట్టి లోపమున్నవారు 14 శాతమే. 1987లో వారే ప్రకటించిన మరొక పరిశీలనలో, ప్రాణవాయువు స్వల్పంగా తగ్గినవారిలో 27 శాతం మందికి, బాగా తగ్గినవారిలో 61 శాతం మందికి లోపమున్నట్లు తేలినది. ఈ అంకెలు పెద్ద ఆసుపత్రులకు చేరిన రోగులవి. దగ్గే ప్రతి వృద్ధునికి వీటిని అంటగట్టరాదు. ప్రాణవాయువు అంతగా తగ్గనివారిలో కూడ కొందరికి ఇట్టి లోపం కనబడుటచేత, కారణము అదొక్కటే కాదని పరిశోధకులు అంటున్నారు. పొగ వలన మెదడు రక్తనాళాలు చెడడం, శరీరమంతటా వ్యాపించే వాపు, నిద్రలేమి, నడక మానివేయడం, మనసు క్రుంగిపోవడం, ఇవన్నీ ఇందులో కలిసియున్నవి.

చెడేది ఏమి? ఇక్కడ మనకు రెండు చక్కని మాటలు సిద్ధంగా ఉన్నవి: అవధానము, ధారణ. అష్టావధాని ఎనిమిది మంది పృచ్ఛకులకు మనసు పంచి, చివర అన్ని పద్యాలను వరుసగా అప్పజెప్పుతాడు. మనసును నిలపడం అవధానము, నిలిపినదానిని పట్టి ఉంచడం ధారణ. సామాన్య మానవుడు కూడ రోజంతా ఒక చిన్న అవధానము చేస్తూనే ఉంటాడు. పాలు పొయ్యిమీద పెట్టి, మనుమని ప్రశ్నకు జవాబు చెప్పి, తలుపు తట్టినవానితో మాట్లాడి, తిరిగి పాల దగ్గరకు వస్తాడు. శ్వాసకోశ రోగికి కష్టమయ్యేది సరిగా ఇక్కడే. పాత సంగతులు చక్కగా గుర్తుంటాయి. పెండ్లినాటి ముచ్చట పూసగ్రుచ్చినట్లు చెబుతాడు. నిన్న డాక్టరు చెప్పిన నాలుగు మాటలలో రెండు జారిపోతాయి. అప్రస్తుత ప్రసంగం ఒక్కటి అడ్డు వచ్చినదా, ముందు చేస్తున్న పని తెగిపోతుంది. ఆలోచన సాగుతుంది గాని మెల్లగా సాగుతుంది.

దీనికి మన ఇండ్లలో పెట్టిన పేరు చాదస్తము. ఛాందసము నుండి వచ్చిన ఆ మాటకు మొదట వేదాధ్యయనంతో సంబంధముండేది. ఇప్పుడు ముసలివారి నోరు మూయించడానికి పనికివస్తున్నది. చాదస్తమని ఒకసారి అన్న తరువాత ఇక ఎవరూ కారణం వెదకరు. డాక్టరు గదిలో కూడ కొడుకు దగ్గును గురించి చెబుతాడు, ఆయాసాన్ని గురించి చెబుతాడు. మతిమరుపు జబ్బు లెక్కలోనికి రాదు.

దాని నష్టం మందు దగ్గర తెలుస్తుంది. ఈ వ్యాధికి ముఖ్యమైన మందులు చాలవరకు ఇన్‌హేలర్ ద్వారా పీల్చవలసినవి. మాత్ర మింగడం ఒక్క పని. ఇన్‌హేలర్ అట్లు కాదు. మూత తీసి, బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదలి, పెదవులతో గట్టిగా పట్టి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ అదే క్షణంలో నొక్కి, పీల్చిన గాలిని సుమారు పది లెక్కపెట్టువరకు బిగపట్టాలి. రెండవసారి పీల్చడానికి కొంత ఆగాలి. కొన్ని మందులకు తరువాత నోరు పుక్కిలించాలి. వరుస తప్పితే మందు గొంతులోనే నిలిచిపోతుంది. అవధానము, ధారణ సన్నగిల్లినవానికి మనము అప్పగించినది ఈ పని! మందు పనిచేయక ఆయాసం పెరుగుతుంది, ఆయాసంతో నిద్ర చెడుతుంది, మతి మరింత తగ్గుతుంది. రోగి మొండివాడని ఇంటివారు, మందు మంచిది కాదని రోగి అనుకొంటారు. నొక్కడానికి, పీల్చడానికి పొత్తు కుదరనివారికి స్పేసర్ అనే గొట్టం చాల మేలు చేస్తుంది. ఎవరైనా ఒకరు ఎదుట కూర్చొని చేయించడం అంతకంటె మేలు.

ప్రాణవాయువు ఇస్తే మతి తిరిగి వచ్చునా? రక్తంలో అది బాగా తగ్గినవారికి రోజుకు 15 గంటలు లేక అంతకు మించి ఇవ్వడం వలన ఆయుర్దాయం పెరుగుతుందని 1980లలోనే ఋజువైనది. మేధాశక్తిలో కూడ కొద్దిపాటి మెరుగుదల కనబడినది. కొద్దిగా మాత్రమే తగ్గినవారికి దాని వలన అట్టి మేలు లేదని 2016లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చినది. కావున సిలిండరు తెచ్చి ఇంట్లో పెట్టడం సర్వరోగ నివారిణి కాదు, పైగా ప్రమాదం కూడ. ఈ రోగులలో కొందరికి బొగ్గుపులుసు వాయువు రక్తంలో పేరుకొంటుంది. ప్రాణవాయువు మితిమీరితే అది ఇంకను పెరుగుతుంది. అందుచేతనే ఇట్టివారికి వైద్యులు సాధారణంగా 88 నుండి 92 శాతం చాలునంటారు. కోవిడ్ రోజులలో ఇంటింటికి వచ్చిన పల్స్ ఆక్సీమీటరులో 98 చూడాలని పట్టుబట్టరాదు. నెలల తరబడి మెల్లగా వచ్చిన మతిమరుపు వేరు; ఒకటి రెండు రోజులలో మత్తు, తలనొప్పి, పొంతనలేని మాటలు, చేతుల వణకు కలిగితే అది వేరు. ఆ రెండవది చాదస్తము కాదు, మతిమరుపూ కాదు; ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలసిన స్థితి.

మతిమరుపంతా ఊపిరితిత్తుల మీదికే నెట్టడం కూడ తప్పే. వినికిడి తగ్గడం, థైరాయిడ్, కొన్ని మందులు, దిగులు, ఇవి కూడ చూడవలసినవే. పరీక్ష ఏ భాషలో జరుగుతున్నదో అదియు చూడాలి. ఇంట ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే దాదీమాకు రానిభాషలో మాటల పట్టిక చదివి, తిరిగి చెప్పలేదని మార్కులు తగ్గించడం న్యాయం కాదు. ఇక్కడ ఒక సంతోషకరమైన సంగతి. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 2013లో ప్రకటించిన వ్యాసములో, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా ప్రారంభమైనట్లు, చదువురానివారిలో కూడ ఈ తేడా ఉన్నట్లు తెలిపినారు. అది ఊపిరితిత్తుల రోగులను గురించిన పరిశోధన కాకపోయినను, మన వంటి కళాశాల గర్వించదగిన మాట.

ఇన్‌హేలరు పెట్టెలోని కాగితం సన్నని ఆంగ్లాక్షరాలలో ఉంటుంది. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు దానిలోని వరుసను వైద్యునికి చూపి సరిచేయించుకొని, పెద్ద అక్షరాలలో తెలుగున ఒక ప్రతి, ఉర్దూలో ఒక ప్రతి, చదువురానివారికి బొమ్మలతో ఒక ప్రతి తయారుచేయవచ్చును. అచ్చు ఖర్చు స్వల్పమే గనుక కమిటీ పెద్దలు కాదనరని ఆశిస్తున్నాము. ఆ కాగితాన్ని మందు ఉండే గూటి పక్కన, కూర్చొన్నవారి కన్నులకు సమానమైన ఎత్తులో అంటించాలి.