నుదుటి మీది అద్దాలు

జగిత్యాల వైపు నుంచి ఖతర్ వచ్చి, ఇనుముతో బతికినవాళ్ళలో నేనొకణ్ణి. అల్ రయ్యాన్‌లోని ఇండస్ట్రియల్ ఏరియాలో, మనవాళ్ళు సనయ్య అని పిలుచుకునే చోట, గేట్లూ గ్రిల్లులూ చేసే షాపులో హెల్పర్‌గా చేరి ఫోర్‌మన్‌నయ్యాను. చివరి కొన్నేళ్ళు తోటల పనిలో ఉండి విల్లాల ముందరి ఖర్జూర చెట్లను కోయించాను. వేళ్ళు తెగినవాళ్ళను చూశాను, కాళ్ళు విరిగినవాళ్ళను చూశాను. వాళ్ళలో చాలామంది మళ్ళీ పనిలోకి వచ్చారు. కన్ను పోయినవాళ్ళు ఇంటికే వెళ్ళారు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పవలసింది అందుకే కంటి గురించి.

1. కన్ను పెద్ద పనిలో పోదు, చిన్న పనిలో పోతుంది.

పెద్ద పనికి అందరం సిద్ధపడతాం. దూలం కోయాలంటే గ్లౌజులు వేసుకుంటాం, బూట్లు చూసుకుంటాం, అద్దాలు పెట్టుకుంటాం. ‘ఒక్క కోత, అంతే’ అనుకున్నప్పుడే అద్దాలు నుదుటి మీదికి పోతాయి. మా పక్క ఊరి పిలగాడొకడు పొద్దంతా అద్దాలు పెట్టుకునే పనిచేశాడు. సాయంత్రం మిషన్ వైరు చుట్టబోతుంటే, యాంగిల్ ముక్క ఒకటి వేలెడంత ఎక్కువ మిగిలిందని ఎవరో అన్నారు. అద్దాలు అప్పటికే జేబులోకి పోయాయి, మిషన్ ఇంకా చేతిలోనే ఉంది. నాలుగున్నర అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే బిళ్ళ అంచు వేగం సెకనుకు 66 మీటర్లు, అంటే గంటకు దాదాపు 240 కిలోమీటర్లు. రెప్ప పడటానికి సెకనులో పదో వంతు కావాలి. అంతలో ఆ వేగంతో వచ్చే రవ్వ ఆరు మీటర్లు దాటిపోతుంది. కంటికీ మిషన్‌కూ మధ్య ఉండేది మూరెడు. ‘నేను చూసుకుంటాలే కాకా, కళ్ళు మూసుకుంటా’ అనే ప్రతి పిలగాడికీ ఆ తర్వాత నేను ఈ లెక్కే చెబుతూ వచ్చాను. ఆ పక్క ఊరి పిలగాడి కుడి కంటికి ఇప్పుడు వెలుతురూ చీకటీ మాత్రమే తెలుస్తాయి.

2. చూపుకు పెట్టుకునే అద్దాలు కంటిని కాపాడవు.

సైటు అద్దాలున్నవాడు తనకు వేరే అద్దాలు అక్కర్లేదనుకుంటాడు. ఎండకు నల్లద్దాలు పెట్టుకున్నవాడూ అదే అనుకుంటాడు. దెబ్బ తగిలితే మామూలు అద్దం పగిలి దాని పెంకులే కంట్లోకి పోతాయి. పని అద్దాలు సాధారణంగా పాలికార్బొనేట్‌తో చేస్తారు, చెంపల పక్కలు కూడా మూసి ఉంటాయి. కొనేముందు, ఇచ్చినా తీసుకునేముందు, అంచు మీద చెక్కిన గుర్తులు చదవండి. అమెరికా పద్ధతిలో గట్టి దెబ్బకు ఆగేవాటి మీద ‘జెడ్87+’ అని ఉంటుంది. యూరప్ పద్ధతి ఈఎన్ 166లో అక్షరాలుంటాయి. చిన్న ఉక్కు గోలీని విసిరి పరీక్షించినప్పుడు సెకనుకు 45 మీటర్ల వేగానికి తట్టుకుంటే ఎఫ్, 120 మీటర్లకు బి, 190 మీటర్లకు ఏ. మామూలు కళ్ళజోడు రకానికి ఎఫ్ దాటి రాదు. బి రావాలంటే ముఖమంతా కప్పే షీల్డో, చుట్టూ అతుక్కునే గాగుల్సో కావాలి. అందుకే గ్రైండర్ పట్టినప్పుడు అద్దాలు పెట్టుకుని వాటి మీద ఫేస్ షీల్డ్ దించుకోమని చెబుతాను. షీల్డ్ ఉంది కదా అని అద్దాలు తీసేసేవాళ్ళున్నారు. షీల్డ్ కింది నుంచి ఎగిరివచ్చే రవ్వను ఆపేది ఆ అద్దాలే.

3. అద్దాలు తీయించేది బద్ధకం కాదు, ఆవిరి.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, తెలిసేవరకు చాలామందిని అనవసరంగా తిట్టాను. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. 2021లో వచ్చిన నియమం ఇది, ఎందరి ప్రాణాలకో మేలు చేసింది. కానీ దానివల్ల బయటి పనంతా తెల్లవారుజాముకూ సాయంత్రం తర్వాతకూ జరుగుతుంది. సముద్రపు తేమ గాలిలో ఎక్కువగా ఉండేది ఆ వేళల్లోనే. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఏసీ బస్సు దిగిన మరుక్షణం అద్దాలు తెల్లబడిపోతాయి. దుమ్ముకు మాస్కు కట్టుకుంటే ఊపిరి పైకి తన్ని ఇంకా మసకబారుతాయి. ముందున్న బిళ్ళ కనబడకుండా ఎవడు కోస్తాడు? తీసి నుదుటి మీద పెట్టుకుంటాడు. నేను దూరం నుంచి చూసి ‘అద్దాలు!’ అని అరిచేవాణ్ణి. వాడు దించుకునేవాడు, నేను అటు తిరగగానే మళ్ళీ ఎత్తేవాడు. నేనే ఒకరోజు పొద్దున్నే ఆ మాస్కు కట్టుకుని, ఆ అద్దాలు పెట్టుకుని మిషన్ పట్టుకున్నాను. నాకూ ఏమీ కనబడలేదు.

అప్పటినుంచి తిట్టడం మాని వెతకడం మొదలుపెట్టాను. ఆవిరి పట్టని పూత ఉన్న అద్దాల మీద ఈఎన్ పద్ధతిలో ‘ఎన్’ అనే గుర్తు ఉంటుంది, గీతలకు తట్టుకునేవాటి మీద ‘కె’ ఉంటుంది. ధర కొంచెం ఎక్కువ. మేనేజరు దగ్గర కూర్చుని, ఒకడి కన్ను పోతే అయ్యే ఖర్చు చెప్పి అవే తెప్పించాను. ముక్కు దగ్గర తీగ ఉన్న మాస్కు తీసుకుని, ఆ తీగను గట్టిగా నొక్కితే ఊపిరి పైకి రాదు. బస్సులో వస్తున్నప్పుడే అద్దాలు బ్యాగులోంచి తీసి చేతిలో పట్టుకుంటే చల్లదనం పోతుంది, దిగాక అంతగా మసకబారవు. ఇక గీతల సంగతి. షమాల్ అని పిలిచే ఇక్కడి దుమ్ముగాలి వీచినప్పుడు ఇసుక దేని మీదనైనా పేరుకుంటుంది. ఆ ఇసుక ఉండగానే మెడలోని గుడ్డతో తుడిస్తే వారం తిరక్కముందే అద్దం గరుకుబారుతుంది. ముందు నీళ్ళతో కడగాలి, తర్వాతే తుడవాలి. గీతలు పడి మసకేసిన అద్దాలను పెట్టుకోమనడం కూడా తప్పే. వాటిని పారేసి కొత్తవి ఇవ్వాలి. ఇదంతా చేశాక మా షాపులో నేను అరవాల్సిన అవసరం చాలావరకు పోయింది. అంతకుముందు నా అరుపు విని అద్దాలు దించి, నేను పోగానే ఎత్తిన పిల్లల్లో ఇద్దరి కళ్ళలోంచి ఇనుప రజను తీయించాల్సి వచ్చింది. వాళ్ళను అప్పుడే అడిగి ఉండాల్సింది, ఎందుకు తీస్తున్నావు బిడ్డా అని.

4. మిషన్ పట్టినవాడి కన్నా పైపు పట్టినవాడికి ముప్పు ఎక్కువ.

కోసేవాడికి రవ్వలు ఎటు పోతున్నాయో తెలుసు, ఒళ్ళు పక్కకు పెట్టుకుంటాడు. పైపు రెండో కొస పట్టుకున్న హెల్పర్‌కు ఆ వీలుండదు, కదిలితే కోత వంకరపోతుంది. అయినా సామానిచ్చేటప్పుడు అద్దాలు మొదట మేస్త్రికి, మిగిలితే హెల్పర్‌కు. చాలాకాలం నేనూ అలాగే పంచాను. సుత్తితో ఉలిని కొట్టేటప్పుడు కూడా అంతే, ఉలి తల చిట్లి ఎగిరే ముక్క కొట్టేవాణ్ణే వెతుక్కుంటూ పోదు. గ్రైండింగ్ జరిగే చోట అడ్డంగా రేకు నిలబెట్టండి, దాటి వచ్చేవాడికి టీ తెచ్చేవాడైనా సరే అద్దాలివ్వండి.

పక్కనున్నవాడి మాట వచ్చినప్పుడల్లా నాకు లూయీ బ్రెయిల్ గుర్తుకొస్తాడు. ఫ్రాన్స్‌లో 1809లో పుట్టాడు. తండ్రి గుర్రాలకు తోలు జీనులు కుట్టేవాడు. మూడేళ్ళ వయసులో ఆ కొట్టులో తోలుకు రంధ్రం చేసే ఆరెతో ఆడుకుంటుంటే అది జారి ఒక కంట్లో గుచ్చుకుంది. దెబ్బ తగిలింది ఒక కంటికే. చెడు రెండో కంటికీ పాకి ఐదేళ్ళ వయసుకల్లా రెండు కళ్ళూ పోయాయి. ఆయన కనిపెట్టిన చుక్కల లిపితోనే ఇవాళ మన చూపులేని పిల్లలు తెలుగు చదువుకుంటున్నారు. ఆ లిపికి చేతులెత్తి మొక్కుతాను. ఆ కొట్టులో ఆరె పిల్లవాడికి అందని ఎత్తున ఉంటే బాగుండేదని కూడా అనుకుంటాను.

5. చెట్టు కోసేవాడు పైకి చూస్తాడు, దుమ్ము కిందికి పడుతుంది.

ఇనుము పనిలో నేర్చిన జాగ్రత్త తోటపనికి చాలలేదు. మోటారు రంపం గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ చెక్కపేళ్ళను విసురుతుంది. రంపం పని హెల్మెట్‌కు ముందు జాలీ ఉంటుంది. పేళ్ళను అది ఆపుతుంది, ఆవిరి పట్టదు, గాలి ఆడుతుంది. కానీ సన్నని పొడి జాలీలోంచి దూరిపోతుంది. ఖర్జూర చెట్టు మట్టల మధ్య పీచులో ఏళ్ళ తరబడి ఇసుక నిండి ఉంటుంది. తల పైకెత్తి కోసేవాడి ముఖం మీదికి ఆ ఇసుకా పొట్టూ కలిసి రాలుతాయి. మామూలు అద్దాలకు పై అంచున సందు ఉంటుంది. అందువల్ల జాలీ కింద చుట్టూ అతుక్కునే గాగుల్స్ ఉండాలి. ఇవి మా తోటపనిలో నిచ్చెనంత ముఖ్యమైన సామాను.

ముళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఖర్జూర మట్ట మొదట్లో ఆకులు ముళ్ళుగా మారి సూదుల్లా నిలబడతాయి. పరాగం చల్లేముందు వాటిని కోసి తీసేస్తారు. ఆ ముల్లు కంటిని గీరితే అప్పటికి పెద్ద నొప్పి ఉండకపోవచ్చు, కానీ చెట్టు నుంచి తగిలిన గాయంలో బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. మన ఊళ్ళలో వరికంకి తగిలి నల్లగుడ్డు మీద పువ్వు పూసిందంటారే, చాలాసార్లు దాని మూలం ఇదే. అలాంటి కంట్లో ఎర్రదనం తగ్గుతుందని మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకుంటే బూజు ఇంకా లోతుకు పోతుంది. మా తోటపనివాళ్ళలో ఒకరికి అలాగే జరిగింది. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ దాకా వెళ్ళి, నెలల తరబడి మందు వాడాకే కన్ను నిలిచింది. చూపు పూర్తిగా తిరిగి రాలేదు.

6. నొప్పి లేదంటే గాయం లేదని కాదు.

క్యాంపు రూముల్లో నలక తీసే నిపుణుడు ఒకడుంటాడు. రుమాలు కొస మెలిపెట్టి తీస్తాడు, ఒక్కోసారి అగ్గిపుల్లతో. నలక ఇనుప రజనైతే ఒకటి రెండు రోజుల్లో దాని చుట్టూ తుప్పు వలయం కడుతుంది. రజను వచ్చినా తుప్పు ఉండిపోతుంది, దాన్ని డాక్టరే గీకి తీయాలి. ఇంతకన్నా భయపడవలసింది వేగంగా లోపలికి దూసుకుపోయిన సన్నని ముక్క. పైన సూదిమొనంత గుర్తు, కొద్దిగా నీరు, ‘ఏం కాలేదు కాకా’ అనే మాట. లోపల ఇనుము కరిగి నెలల తరబడి చూపును తినేస్తుంది. సుత్తి దెబ్బ దగ్గరో, గ్రైండర్ దగ్గరో కంట్లో ఏదైనా తగిలిందనిపిస్తే ఎక్స్‌రేనో సీటీ స్కానో తీయించమని అడగండి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీస్తామంటే ఇనుము పనిచేసేవాణ్ణని ముందే చెప్పండి. కంట్లో ముక్క ఉంటే అయస్కాంతానికి కదులుతుంది.

గుచ్చుకున్నదాన్ని లాగొద్దు, నలపొద్దు, ఒత్తిడి పడేలా కట్టు కట్టొద్దు. పేపర్ కప్పు అడుగుతో కన్ను కప్పి ఆస్పత్రికి పోవాలి. సిమెంటో సున్నమో పడితే మాత్రం అక్కడికక్కడే, ఆస్పత్రి కన్నా ముందు, కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడగాలి. వెల్డింగ్ వెలుగు కొట్టిన కన్ను పగలు బాగుండి అర్ధరాత్రి మండుతుంది. దానికి ఉల్లిగడ్డ ముక్కలూ చనుబాలూ వైద్యం కాదు. అత్యవసరమైతే ఇక్కడ 999. సనయ్యలోనే 2018లో తెరిచిన హజ్మ్ మబైరీక్ ఆస్పత్రి ఉంది. నేను వచ్చిన కొత్తలో అది లేదు.

7. అద్దాలడగడం చిన్నతనం కాదు.

ఖతర్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరు చట్టం, పనిలో రక్షణ చూడవలసింది యజమానేనని చెబుతుంది. ఆ సామాను పేరు చెప్పి జీతంలో కోత పెట్టకూడదని కూడా చెబుతుంది. ఇచ్చినవి వాడవలసిన బాధ్యత మనది. పనిలో గాయమైతే వైద్యం ఖర్చు యజమానిదే. గాయమైన రోజే అది పనిలో జరిగిందని ఆస్పత్రి కాగితంలో రాయించుకోండి. ‘రూములో జారిపడ్డానని చెప్పు’ అనేవాడి మాట వినొద్దు. ఇంటి దగ్గర తీసుకున్న ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకో మూడేళ్ళకో ముగుస్తుంది. వీసా కొనసాగుతున్నా బీమా కొనసాగదు. పదిలక్షల పాలసీకి మూడేళ్ళ ప్రీమియం 375 రూపాయలు. సెలవుకు ఇంటికి పోయినప్పుడు మొదట చూడవలసిన కాగితం అదే.

8. ఇంటికి పంపే పెట్టెలో మిషన్‌తోపాటు అద్దాలూ పెట్టండి.

మనం సెలవుకు పోతూ గ్రైండర్లూ డ్రిల్లింగ్ మిషన్లూ పట్టుకుపోతాం. తమ్ముడు వెల్డింగ్ షాపు పెడతాడు, బావమరిది టైల్స్ కోస్తాడు. అక్కడ సేఫ్టీ ఆఫీసర్ ఉండడు. వేపచెట్టు కింద చెప్పులతో, లుంగీతో, ఉత్త కళ్ళతో కోస్తుంటే చుట్టూ పిల్లలు నిలబడి చూస్తారు. నేను పట్టుకుపోయిన మొదటి మిషన్‌తో అద్దాలు పట్టుకుపోలేదు. మా తమ్ముడికి ఏమీ కాలేదు, కానీ అది నా జాగ్రత్త వల్ల కాదు. బిడ్డా, మీరు పట్టుకుపోయేటప్పుడు మూడు జతలు పెట్టండి: కోసేవాడికి ఒకటి, పట్టుకునేవాడికి ఒకటి, గీతలు పడ్డాక మార్చడానికి ఒకటి. అంచు మీద గుర్తు చూసి కొనండి. మిషన్ స్విచ్ ఎక్కడుందో చూపించేముందు ఆ అద్దాలు ముక్కు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడండి.