తూర్పు హద్దులో తాత

మా ముత్తాత తండ్రి పేరు మా ఇంటి కాగితాల్లో ఎక్కడా లేదు. పక్క చేనువాళ్లు ఎప్పుడో అమ్ముకున్న పొలం దస్తావేజులో, హద్దుల దగ్గర దొరికింది. తూర్పున ఫలానా వారి కుమారుడు ఫలానా తాలూకు మెరక చేను అని ఒక్క ముక్క. ఆ దస్తావేజు రాసిన లేఖరికి మా వంశంతో పనేముంది? అమ్మిన చెక్క ఎక్కడితో ఆగిందో చెప్పాలి గనక రాశాడు.

తాతముత్తాతల కూపీ లాగుదామని బయల్దేరేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. సర్కారు దగ్గర ఉన్నది శిస్తు లెక్క. అది రాస్తుంటే మనవాళ్లు మధ్యలో తగిలారు, అంతే. అందుకని మనిషి పేరు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే చేతులూపుకుంటూ తిరిగి రావాలి. సర్వే నంబరు పట్టుకుని వెళ్లండి.

ఆ నంబరు దారి ఇంట్లోనే మొదలవుతుంది. పెద్దవాళ్లను "తాతగారి తండ్రి పేరేమిటి?" అని అడిగితే గోడకేసి చూస్తారు. పొలం ఏ కాలవ కింద ఉండేది, ఎవరికి అమ్మారు, ఎవరిని దత్తత ఇచ్చారు, ఆడపిల్లలకు పసుపుకుంకుమల కింద ఏ చెక్క రాసిచ్చారు అని అడగండి. మా మేనత్త అదే చెప్పింది: "పేర్లేం గుర్తుంటాయిరా? తుమ్మలచేను అమ్మినరోజు మా తాత అన్నం ముట్టలేదు, అది గుర్తుంది." నాకు కావలసింది ఆ తుమ్మలచేనే. ఊళ్లో కౌలు చేసే నలుగురిని అడిగితే ఆ చేను ఏదో, ఇవాళ ఎవరి చేతిలో ఉందో మధ్యాహ్నంలోగా తేలింది.

ఇంట్లో రాసుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. తాత పేరు మనవడికి పెట్టడం మనకు ఆనవాయితీ కాబట్టి తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. రెండు కాగితాల్లో ఒకే పేరు కనిపించగానే ఒకే మనిషి అనుకోకండి, తండ్రి పేరు కూడా కలవాలి. ఇక ఏళ్లు. "నందనలో పుట్టాడట" అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కదా. గుంటూరు సీమలో నందన కరువంటే 1832–33 నాటిది. ధాత కరువంటే 1876 నాటిది. కరువు పేరుతో ముడిపడిన జ్ఞాపకం ఉంటే ఏ ఆవృత్తమో తేల్చుకోవచ్చు.

తరవాత పని కుర్చీలోంచి లేవకుండా చేసేదే, కానీ చాలామంది దాటేస్తారు: మన ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉందో ఒక చీటీ రాసుకోవడం. తణుకు తాలూకానే చూడండి. 1904 దాకా గోదావరి జిల్లా, ఆ తరవాత కృష్ణా జిల్లా, 1925 నుంచి పశ్చిమ గోదావరి. ఊరు అంగుళం కదలలేదు. గుంటూరు జిల్లా మళ్లీ విడిగా ఏర్పడింది 1904లో. ఒంగోలు వైపువాళ్లకు 1970 గుర్తుండాలి, ప్రకాశం జిల్లా అప్పటిది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయ్యాయి. ఈ చీటీ లేకుండా రికార్డు రూముకు వెళ్తే, ఉన్న పుస్తకాన్ని కూడా లేదనిపించుకుని వస్తారు.

ఇప్పుడు సర్వే నంబరు. ఆంధ్రప్రదేశ్ సర్కారు మీభూమి వెబ్‌సైటులో 1బీ, అడంగల్ చూస్తే దొరుకుతుంది. ఒక చిక్కుంది. 2020 చివర్లో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత రికార్డుకు ఆ కొత్త నంబరు పనికిరాదు. దానికి సరిపోయే పాత నంబరేదో గ్రామ సర్వేయర్‌ను అడిగి రాయించుకోండి.

పాత నంబరు చేతికొచ్చాక తహసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్, అంటే పాత సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు అడగాలి. పాతకాలపు ఉద్యోగులు డైగ్లాట్ అంటారు. జమీందారీ ఊరైతే ఎస్టేట్ల రద్దు తరవాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి. మాకు తీసిచ్చిన పుస్తకం రెండు చేతులా మోయాల్సినంత బరువు, అంచులు బెల్లం రంగుకు తిరిగాయి. ఒక్కో సర్వే నంబరుకు ఒక్క వరస: సర్కారీదా ఇనామా, మెట్టా పల్లమా, నీటి ఆధారం, నేల తరం, ఎకరానికి రేటు, విస్తీర్ణం, శిస్తు, ఆ చివర పట్టాదారు పేరు. మొత్తం గళ్లలో మనకు పనికొచ్చేది ఆ చివరి గడి. ఆ పేరుకు పైనా కిందా ఉన్న వరసలు కూడా రాసుకోండి. పక్కపక్క చెక్కలు తరచుగా అన్నదమ్ములవో దాయాదులవో అవుతాయి.

ఆర్‌ఎస్‌ఆర్ ఒక్క కాలాన్ని పట్టిన ఫొటో లాంటిది. అక్కడినుంచి ఏటేటా కదలిక కావాలంటే పాత అడంగళ్లు, పట్టాదారుల ఖాతాలుండే పది ఒకటి పుస్తకాలు తిరగెయ్యాలి. వాటిమీద ఫసలీ, అంటే శిస్తు లెక్క ఏడాది ఉంటుంది. 590 కలపండి: ఫసలీ 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. ఏ ఫసలీలో తండ్రి పేరు పోయి కొడుకుల పేర్లు ఎక్కాయో చూస్తే తండ్రి ఏ ఏడాదికి అటూ ఇటూగా పోయాడో అంచనా కట్టొచ్చు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్ల పుస్తకాలు సక్రమంగా ఆఫీసుకు చేరాయి, కొన్ని అటకలెక్కాయి. పాత కరణంగారి ఇంటి తలుపు కూడా తట్టండి, మర్యాదగా. ఒక ఆఫీసులో మూడుసార్లు "చెదలు తినేశాయండీ" అన్నారు నాతో. నాలుగోసారి సమాచార హక్కు దరఖాస్తు ఇచ్చాను. ముప్పై రోజుల గడువు ముగియకముందే ఆ చెదలు తిన్న పుస్తకం బల్లమీదికొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.

మీ పెద్దలకు ఇనాం భూమి ఉండి ఉంటే అదృష్టం పండినట్టే. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో మొదట ఇనాం పొందినవాడెవరు, ఇప్పటి అనుభవదారు అతనికి ఏమవుతాడు, అతని వయసెంత అన్న గడులున్నాయి. ఇనాం అంటే అర్చకులకో కరణాలకో మాత్రమే అనుకోవద్దు. కుమ్మరికి, చాకలికి, మంగలికి, వెట్టివాళ్లకు కూడా సేవ ఇనాములుండేవి. నూట అరవై ఏళ్ల కిందటి మంగలి కుటుంబంలో తాతా మనవళ్ల వరస ఇంత తీరుగా రాసిన సర్కారీ పుస్తకం మరొకటి నేను చూడలేదు.

ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. నా మటుకు నాకు అసలు నిధి ఇక్కడే ఉంది. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తిమీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది కావాలంటే పాత ఇండెక్సుల్లో వెతికించాలి. ఒకటో ఇండెక్సు పేర్ల ప్రకారం, రెండో ఇండెక్సు ఆస్తి ప్రకారం. రెండోది అడగండి, కారణం మొదట్లో చెప్పిందే. స్థిరాస్తి దస్తావేజులన్నీ ఒకటో పుస్తకంలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ కింద రుసుము కట్టి ఎవరైనా వాటిని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకం. రాసినవాళ్లు బతికుండగా బయటివాళ్లకు ఇవ్వరు, పోయాక ఎవరడిగినా ఇస్తారు.

దస్తావేజుల్లోనూ తేడాలున్నాయి. శుద్ధ విక్రయంలో తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉండే ఊరు దొరుకుతాయి. పంపకం దస్తావేజులో అన్నదమ్ములందరూ వరసగా నిలబడతారు, చనిపోయిన అన్న తరఫున మైనరు కొడుకూ, వాడికి గార్డియనుగా తల్లీ. ఆడవాళ్ల పేర్లకు పట్టా పుస్తకాల్లో చోటు తక్కువ. పసుపుకుంకుమల కింద రాసిన దఖలు దస్తావేజుల్లో, మనోవర్తి కాగితాల్లో, వీలునామాల్లో కనిపిస్తారు. మా ముత్తవ్వ పేరు నాకు దొరికింది ఒక తనఖా కాగితంలో. ఆమె నగ తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఎలా తీర్చాలో అందులో రాశారు.

భూమి లేనివాళ్ల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. శిస్తు కట్టనివాణ్ణి శిస్తు పుస్తకం ఎరగదు. వాళ్లకు వేరే దారులున్నాయి. జనన మరణాల పాత రిజిస్టర్లు ఒకటి. వాటిలో బిడ్డ పేరు ఉండకపోవచ్చు, మగ శిశువు అనో ఆడ శిశువు అనో రాసి తండ్రి పేరుతో సరిపెట్టేవారు. మరణం నకలులో కారణం మాత్రం ఇవ్వరు. ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఇంకొకటి. తండ్రి పేరు నమ్మండి, పుట్టినతేదీ నమ్మకండి. మాస్టారు చేర్చుకునేటప్పుడు వేసిన జూలై 1 ఊరు సగానికి పుట్టినరోజైంది. మాల, మాదిగ కుటుంబాలకు మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు చాలాచోట్ల పెద్ద ఆధారం. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ ఇంటివాళ్లు ఏ మిషన్ కిందివాళ్లో ముందు తెలుసుకుని ఆ సంఘం పాస్టరు గారిని కలవండి.

తెలంగాణలో దారి ఇదే, పుస్తకాల పేర్లు వేరు. సెటిల్‌మెంట్ రిజిస్టరైన సేత్వార్ మూలం, అడంగల్ లాంటి 1954–55 ఖాస్రా పహాణీ చూడకుండా ముందుకెళ్లలేరు. నైజాం ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, ఆ తేడా మరవకండి. పాత కాగితాలు ఉర్దూలో, ఫారసీలో ఉంటాయి కాబట్టి తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లేటప్పుడు చదవగలిగే పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి.

దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు ఇదే పనిని అటువైపు నుంచి మొదలుపెడతారు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా భారతదేశం మొత్తం నుంచి అలా వెళ్లిన కూలీలు 1,52,184 మంది. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ నంబరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు ఉన్నాయి. ఇంటిపేరు మాత్రం చాలామందికి లేదు. ఊరి పేరేమో ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్టు ఉంటుంది. నాలుగుసార్లు పైకి చదివితే అసలు ఊరు తడుతుంది.

ఒక మనవి. మీ ఇంట్లో పాత దస్తావేజులుంటే దయచేసి లామినేషన్ చేయించకండి, ఒకసారి చేయిస్తే ఆ కాగితం మళ్లీ విడిగా రాదు. నీడపట్టున పరిచి ఫొటో తీసుకోండి. ముందువైపు ఒక్కటే తీసి ఊరుకోవద్దు. స్టాంపు కాగితం వెనక రిజిస్ట్రారు రాసిన నాలుగు వరసల్లో, వేలిముద్రల పక్కన, రాసిచ్చినవాణ్ణి గుర్తుపట్టిన ఇద్దరు సాక్షుల పేర్లుంటాయి. మా కాగితంలో ఆ ఇద్దరిలో ఒకరు ముత్తాత బావమరిది.