బరువు బల్ల మోయాలి, సూది కాదు

చిరంజీవి బిడ్డకు, నల్లగొండ నుంచి పెదబాపు ఆశీర్వదించి రాసేది.

నాయనమ్మ చేతి కుట్టుమిషన్‌కు మోటారు బిగించి, దానికి తగ్గ బల్ల సొంతంగా చేసుకుంటానన్నావు. చాలా సంతోషమైంది. ఫోన్‌లో చెప్పిన కొలతలు గుర్తుండవు కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితం పక్కన పెట్టుకుని పని మొదలుపెట్టు.

ముందు, మిషన్‌ను బల్లలోకి ఎందుకు దింపాలో తెలియాలి. చెక్క పెట్టెతో సహా బల్ల మీద పెడితే, కుట్టు పడే చోటు బల్లకంటే మూడు నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది. జాకెట్ చేతులు కుట్టినంతసేపు ఏమీ అనిపించదు, చీర పట్టుకున్నప్పుడే తెలుస్తుంది. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. ఫాల్ వేస్తుంటే అంచు బరువుకు చీర జారి కిందికి గుంజుతుంది. ఆ గుంజుడంతా సూది మీద పడుతుంది. సూది వంగుతుంది, కింది పలకకు తగిలి విరుగుతుంది. విరగకపోయినా కుట్టు ఒకచోట చిన్నగా, ఒకచోట పెద్దగా పడుతుంది. పోచంపల్లి బట్టకైతే ఇంకా జాగ్రత్త కావాలి. అక్కడ నూలుకు ముందే కట్లు కట్టి, రంగు పట్టించి, ఆ తర్వాత నేస్తారు. జాకెట్ వీపు మధ్య కుట్టులో బట్ట కొంచెం గుంజినా రెండు వైపుల డిజైను కలవదు. నేతగాళ్ళు అంత ఓపికతో కలిపిన గీతను మన కుట్టు విడదీయకూడదు.

పుట్టపాకలో గుంట మగ్గం చూశావు కదా. నేతగాడు నేలమట్టాన కూర్చుని కాళ్ళు గుంటలోకి దింపుతాడు, బట్ట చేతులకు సమంగా అందుతుంది. నువ్వు మిషన్‌ను బల్లలోకి దింపేదీ అందుకే.

పై పలకకు 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకో. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు చాలు. పచ్చి వేప పలక చవగ్గా వచ్చినా వద్దు. మీ పాలమూరు ఎండకు వంకర తిరుగుతుంది, వానకు ఉబ్బి మిషన్‌ను బిగబట్టేస్తుంది. కాళ్ళకు పాత దర్వాజ టేకు దొరికితే మాత్రం వదలకు. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క అది. వెనక కాళ్ళ మధ్య అడ్డపట్టీ కొట్టించు, లేకపోతే మోటారు వేగానికి బల్ల ఊగుతుంది. ఎత్తు 28 నుంచి 30 అంగుళాల మధ్య ఉండాలి. నువ్వు రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చుని మోచేతులు మడిచి చూడు. భుజాలు పైకి లేవకుండా చేతులు ఆనిన ఎత్తే నీ ఎత్తు.

ఇప్పుడు మిషన్. వెనక్కి వంచితే అడుగున బందులను పట్టుకున్న రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి సడలిస్తే మిషన్ విడివడుతుంది. పోత ఇనుము కదా, ఒక్కదానివే ఎత్తకు. ఆ బందులు జాగ్రత్తగా విప్పి దాచు, కొత్త బల్లకు అవే పెట్టుకోవచ్చు. ఇళ్ళల్లో వాడే నల్ల మిషన్ల పీట సాధారణంగా 14.5 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు ఉంటుంది. అయినా నీ మిషన్‌నే కొలుచుకో. చీర డబ్బా అట్ట మీద పీటను పెట్టి, గుండ్రటి మూలలతో సహా పెన్సిల్‌తో గీసి కత్తిరించు. ఆ అట్టను పలక మీద నడుమ పెట్టకు, కుడికి జరుపు. సూది నీ ముక్కుకు ఎదురుగా రావాలి. చీర పరుచుకోవడానికి ఎడమవైపు, వెనక వైపు జాగా మిగలాలి.

చుట్టూ రూపాయి బిళ్ళ మందం ఖాళీ వదిలి కోయించు. బందులు కూర్చునే చోట ఉలితో చెక్క తీస్తే అవి పైకి పొడుచుకురావు. ముందు మూలల కింద రెండు చెక్క దిమ్మెలు బిగించి, వాటి మీద పాత హవాయి చెప్పుల రబ్బరు ముక్కలు అంటించు. అదురు తగ్గుతుంది, ఎత్తు సరిచూసుకోవడమూ సులువు. స్టీలు స్కేలును బల్ల మీంచి మిషన్ మీదికి అడ్డంగా ఆనించు. ఎక్కడా లేవకూడదు, ఊగకూడదు. మిషన్ బల్లకంటే కిందికి దిగితే బాబిన్ మీది జారుడు పలక ఎడమకు జరగదు. దిగినట్టు కనిపిస్తే రబ్బరు కింద అట్ట ముక్క చేర్చు.

మిషన్ కింద సొరుగు పెట్టకు. అడుగున కదిలే కడ్డీలకు, బాబిన్ మార్చే నీ చేతికి చోటు కావాలి. అక్కడొక రేకు పళ్ళెం వేలాడదీసి పాత గుడ్డ పరిస్తే నూనె చుక్క చీర మీదికో ఒళ్ళోకో పడదు. మోటారు తీగను కాలి పక్కగా క్లిప్పులతో బిగించు.

చివరగా అంచులు. గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది పాలిష్ పట్టించాక, పాత పట్టుగుడ్డను బల్ల అంతా మెల్లగా లాగి చూడు. ఎక్కడ పోగు తట్టుకుంటే అక్కడ మళ్ళీ రుద్దు. ఈ పని తొందరగా ముగించకు. ఒక్క పేడు చాలు, జరీ చెడడానికి.

అంతా అయ్యాక మొదట పాత దుప్పటి కుట్టు. బట్టను ముందుకు తోయకుండా, వెనక నుంచి లాగకుండా, చేతులు ఊరికే ఆనించి ఒక నిలువు కుట్టు వెయ్యి. అది మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా పడితే, గిరాకీల చీరలు ధైర్యంగా తీసుకో. వాళ్ళు నిన్ను నమ్మి ఇచ్చే బట్ట అది. దాని బరువు మోసే బల్ల బాగుంటే నీ భుజాలూ, నీ పేరూ రెండూ నిలుస్తాయి.

ఇట్లు,
మీ పెదబాపు