ఈనిన మేక – పిల్లల సంరక్షణ



మేకను పేదవాని ఆవు అంటారు. మనలో చాలామంది ఇళ్లలో రెండో మూడో మేకలు ఉంటాయి. నోటు పుస్తకాలకైనా, చెల్లెలి జ్వరానికైనా అమ్మ చేతిలో ఆడే డబ్బు ఆ మేకపిల్లను అమ్మగా వచ్చినదే. అలాంటి పిల్ల పుట్టిన రెండు మూడు రోజుల్లో చనిపోతే దిష్టి తగిలిందని ఊరుకుంటారు. నేను ఈ హాస్టల్‌లోనే పదవ తరగతి వరకు చదివి, తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాను. నేను చూసినంతలో ఆ చావులకు ఎక్కువగా కారణం ఆకలి, చలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీకు పనికి వస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేక చూడి కాలం సుమారు 150 రోజులు. పోతుతో కలిసిన తేదీని గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి నెలన్నరలోనే. అప్పుడు మేతతో పాటు రోజుకు పావు కిలో దాణా పెట్టాలి. ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు చిటుకు రోగం టీకా వేయిస్తే పాల ద్వారా పిల్లకు కూడా రక్షణ అందుతుంది.

ఈనే ముందు మేక మంద నుండి విడిగా పోతుంది, కాళ్లతో నేల గీరుతుంది, పొదుగు బిగుస్తుంది. పొడిగా ఉన్న చోట గడ్డి పరిచి వదిలేయండి. ముందు నీటి తిత్తి, తర్వాత రెండు ముందు కాళ్లు, వాటి మీద ముట్టె కనిపిస్తే కాన్పు సవ్యంగా ఉన్నట్టే. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే తాడు కట్టి లాగవద్దు, డాక్టరును పిలవాలి. సంచార పశువైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. వాటి ఫోన్ నంబరు 1962.

పిల్ల పడగానే ముక్కు, నోటిలోని జిగురు తుడవాలి. మిగిలిన ఒళ్లు తల్లినే నాకనివ్వాలి. ఆ నాకుడుతోనే పిల్లకు రక్తం ఆడుతుంది, తల్లి పిల్లను గుర్తు పడుతుంది. బొడ్డును రెండు అంగుళాలు వదిలి శుభ్రమైన దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టించర్ అయోడిన్ అద్దాలి. పేడ, పసుపు, బూడిద పెట్టకూడదు.

ఇక అసలు సంగతి ముర్రుపాలు. మా ఊళ్లో మాయ పడేదాకా పిల్లకు పాలు తాగనివ్వరు. మా నాయనమ్మ ఈ విషయంలో ఎవరి మాటా వినేది కాదు! కానీ జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. పిల్ల చీకుతుంటే తల్లి శరీరంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాని వల్ల గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా పడుతుంది. అంటే పాలు ఆపితే మాయకూ ఆలస్యమే.

ఇంకో కారణం కూడా ఉంది. మనుషుల్లో రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు కడుపులో ఉండగానే మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. మేకల్లో అలా చేరవు. మేకపిల్లకు అవి ముర్రుపాలలోనే దొరకాలి. వాటిని పీల్చుకునే శక్తి పేగులకు మొదటి గంటల్లో ఎక్కువ. గంట గంటకూ తగ్గి, ఒక రోజు దాటితే దాదాపు ఉండదు. మరునాడు కడవెడు పట్టినా ఆ పని జరగదు. అందుకే అరగంటలోపు, ఎంత ఆలస్యమైనా గంటలోపు తాగించాలి. గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, రెండు మూడు ధారలు పిండేసి, పిల్ల నోటికి చన్ను అందించండి. పిల్ల బరువులో పదో వంతు, అంటే రెండు కిలోల పిల్లకు 200 మిల్లీలీటర్లు, మొదటి రోజున నాలుగైదు సార్లుగా అందాలి. జున్ను కోసం పిండుకోవాలని ఉంటే పిల్లల కడుపు నిండాకే.

కవలలు పుడితే బలమైనది బలహీనమైన దాన్ని తోసేస్తుంది. చిన్నదాన్ని మనమే పట్టుకుని తాగించాలి. పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా ఉంటే ముందు గోనెసంచిలో చుట్టి, వెచ్చగా కాచి, చీకే శక్తి వచ్చాకే పాలు ఇవ్వాలి. చీకలేని పిల్ల నోట్లో పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. తల్లికి పాలు లేకపోతే అప్పుడే ఈనిన మరో మేకవి, అదీ దొరక్కపోతే ఆవు ముర్రుపాలు పట్టవచ్చు.

తల్లిని కూడా మరవకండి. బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్లు పెట్టి, పచ్చి మేత వేయాలి. మాయ మామూలుగా కొద్ది గంటల్లో పడుతుంది. 12 గంటలైనా పడకపోతే చేత్తో లాగకుండా ఆసుపత్రికి కబురు చేయాలి. పడిన మాయను కుక్కలకు అందకుండా పూడ్చిపెట్టాలి.

రెండు వారాలకు పిల్లలు ఆకు కొరకడం మొదలుపెడతాయి. అవిశ, సుబాబుల్ కొమ్మలు వాటికి అందే ఎత్తులో కట్టి వేలాడదీయండి.